పుంజు మాస్టారికీ చెవులత్తకీ మధ్య పిల్లి

ఆ దొడ్డి ఎక్కడుందని నన్నడక్కండి, దారులు చెప్పడం నాకు రాదు. కొండవాలున ఒక పెద్ద రైతు దొడ్డి అనుకోండి, చాలు. ఒక కొసన గడ్డివామి, ఇంకో కొసన నుయ్యి, నడిమధ్య ధాన్యపు గాదె. గడ్డివామి నీడన కోడిపిల్లలకీ మేకపిల్లలకీ దూడలకీ కలిపి ఒక బడి నడిచేది. ఆ బడికి పంతులు ఒక కోడిపుంజు.

పుంజు మాస్టారంటే మాటలా! తెల్లవారుతూనే కూత, కూత ఆగగానే హాజరు. ఎవడు కునుకుతున్నాడు, ఎవత్తె పక్కదాని గింజ కాజేసింది, ఎవరు కుంటుతూ వచ్చారు, ఆయన కంటికి అన్నీ కనపడేవి. ఎర్రటి తురాయి ఊపుతూ "ఒరేయ్ గాడిదల్లారా!" అని ఒక్క కేక వేశారంటే మేకపిల్లలు కూడా నమలడం ఆపేసేవి.

నూతి దగ్గర ఉండేది గాడిద. వయసులో ఉండగా బట్టల మూటలు మోసింది, ఇప్పుడు పిల్లల గోడు మోస్తోంది. బెంగపెట్టుకున్న పిల్ల, దెబ్బలాడుకున్న పిల్ల, అమ్మమీద అలిగిన పిల్ల, ఎవరైనా సరే నూతి దగ్గరికి పోయి ఆవిడ చెవిలో చెప్పుకోవచ్చు. చెవులా అవి, చేటలా! పిల్లలంతా 'చెవులత్త' అని పిలిచేవారు. అత్త చెవిలో వేసిన మాట ఇంకో చెవికి పోదని అందరికీ నమ్మకం. పిల్లలు దడుచుకుంటారని, ఆ పనిలోకి వచ్చిన రోజునుంచీ ఓండ్రపెట్టడం కూడా మానేసింది. గాడిదకి అదెంత కష్టమో మీకేం తెలుసు!

ఇద్దరూ మంచివాళ్లే. కానీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు.

"పొద్దస్తమానం బుజ్జగిస్తే పిల్లలు పాడైపోరూ?" అని ఈయన.

"నా పేరు పెట్టి పిల్లల్ని తిట్టేవాడితో నాకేం మాటలు?" అని ఆవిడ. న్యాయమైన కోపమే. నేనైనా అంతే అనేదాన్ని.

మరి ఒకరి కబురు ఒకరికి అందేదెలా? ఆ దొడ్డిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి కబురైనా పిల్లి మోస్తుంది. గోడలమీదా వాసాలమీదా చప్పుడు కాకుండా తిరగగలిగింది అదొక్కతే కదా. దాని పేరు నెమ్మదమ్మ. గాదె దగ్గర ఎలుకల కాపలా దాని ఉద్యోగం, కబుర్లు మోయడం దొడ్డికి చేసే సేవ. అలాగని అదే చెప్పుకునేది, మనం నమ్మాలి.

ఆ మధ్య దొడ్డిలో కోడిపిల్లలు మాయమవుతున్నాయి. "అయ్యో, గద్ద తన్నుకుపోయిందమ్మా!" అని అందరికన్నా ముందు నెమ్మదమ్మే గొల్లుమనేది. అందరూ ఆకాశంకేసి చూసి గద్దని తిట్టిపోసేవారు. నేలమీద చూసినవారు ఒక్కరూ లేరు.

చుక్కి అని ఒక కోడిపిల్ల. నెత్తిన నల్లచుక్క, నోరు తెరిస్తే గలగలా మాటలు. తమ్ముడు మాయమైన దగ్గర్నుంచీ దాని మాట పడిపోయింది. బడికి రోజూ ఆలస్యం, వచ్చినా కునికిపాట్లు. "చుక్కీ!" అని మాస్టారు హాజరు పిలిస్తే దించిన తల ఎత్తదు.

ఆ బడికి ఒక కట్టుబాటుంది. హాజరుకి పలకని పిల్ల పేరు కొట్టేస్తారు. పేరు పోయిన పిల్ల మందలో కూర్చోకూడదు. తల్లులు మేతకి పోయినంతసేపూ దొడ్డిలో ఏదో ఒక మూల ఒంటరిగా ఉండాల్సిందే. ఒంటరి కోడిపిల్ల బతుకెంతో మీకు వేరే చెప్పాలా?

మాస్టారు నెమ్మదమ్మని పిలిచారు.

"నెమ్మదమ్మా, ఆ చుక్కి నూతి దగ్గరికి పోయి తెగ కూర్చుంటోందటగా. ఏమిటి దాని బాధ? ఆ చెవులావిణ్ణి కాస్త అడిగి కనుక్కుని రా. పసిదాని పేరు కొట్టెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు."

"ఎంత దయామయులండీ!" అని పిల్లి తోకూపుకుంటూ నూతి దగ్గరికి పోయింది. అక్కడ మొహం వేలాడేసింది.

"వదినా, మాస్టారు నిప్పులు కక్కుతున్నారే. 'ఆ గాడిద పిల్లను చెడగొడుతోంది, పేరు కొట్టేస్తా, దిక్కున్నచోట చెప్పుకోమను' అన్నారు."

"అంత మాటన్నాడూ!" చెవులత్త చెవులు వాలిపోయాయి. "పోనీ, నన్నేమన్నా ఫరవాలేదు. కొన్నాళ్లు ఆ పిల్లమీద అరవొద్దని చెప్పు. దాని గుండెలో ఏదో భయం ఉంది. అంతకు మించి నేను చెప్పలేను, మాటిచ్చాను."

పిల్లి మళ్లీ వామి దగ్గరికి వచ్చింది. ఈసారి నిట్టూర్చింది.

"మీకెలా చెప్పనండీ, నోరు రావడం లేదు. 'నాకు విసుగొచ్చింది, పలకడం రాని పిల్లకి బడెందుకు, పేరు కొట్టేసుకోమను' అంది. 'అరవడం తప్ప ఆ పుంజుకేం వచ్చు' అని కూడా... పోనివ్వండి, అవన్నీ మీకెందుకు."

మాస్టారి మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "అలా అందా! ఆవిడే వద్దన్నాక ఇంక నేనెవణ్ణి? రేపు పేరు కొట్టేస్తున్నానని చెప్పు ఫో!"

చూశారా, ఎంత సుళువుగా అయిపోయిందో! నెమ్మదమ్మ ఆ మాట మోసుకుపోయి ఊరుకుంటే సరిపోను. కానీ సంబరం పట్టలేకపోయింది. దానికి ఇంకో మాట తగిలించింది.

"వదినా, రేపు చుక్కి పేరు కొట్టేస్తున్నారు. నువ్వే కొట్టెయ్యమన్నావని నలుగురిలోనూ చెబుతున్నారు కూడా."

చెవులత్త దిగ్గున లేచి నిలబడింది. "నేనా? నేను కొట్టెయ్యమన్నానా?"

"అయ్యో, ఎక్కడికే వదినా? నీకెందుకు శ్రమ, నేను పోయి అడుగుతాగా!"

"నాకు నాలుగు కాళ్లున్నాయి, నేనే అడుగుతాను" అంటూ చెవులత్త దొడ్డికి అడ్డంపడి గడ్డివామి దగ్గరికి నడిచింది. ఏళ్ల తరబడి ఆవిడ అటు తొక్కి చూసింది లేదు. పిల్లలు పాఠం మానేసి నోళ్లు వెళ్లబెట్టి చూశారు. "గాదెలో ఎలుకేదో కదిలింది" అని నెమ్మదమ్మ మెల్లిగా జారుకుంది.

"ఏమయ్యా పుంజూ! పసిదాని పేరు కొట్టెయ్యమని నేనెప్పుడన్నాను?"

"బాగుంది వరస! నువ్వన్లేదూ? విసుగొచ్చిందన్లేదూ?"

"మూటలు మోసినప్పుడు రాని విసుగు పిల్లల దగ్గరొస్తుందా? దానిమీద అరవొద్దని నేను కబురంపితే, దిక్కున్నచోట చెప్పుకోమంటావా నువ్వు?"

"ఎవరన్నారా మాట? మనసొప్పడం లేదు, పిల్ల బాధేమిటో కనుక్కుని రమ్మని పంపాను నేను!"

"మనసొప్పడం లేదా? నీకా?"

"నాకే! ఏం, పుంజుకి మనసుండకూడదా?"

ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరి చూపులూ గాదె వైపు తిరిగాయి.

"అయితే ఇన్నాళ్లూ మనం దెబ్బలాడింది..." అన్నారు మాస్టారు.

"దాని మాటలతో" అంది చెవులత్త. "మీతో కాదు మాస్టారూ."

ఆయన గొంతు సవరించుకున్నారు. "సరే, దాని సంగతి తర్వాత. ముందు చెప్పు, చుక్కి నీతో ఏమంది?"

"చెప్పను."

"మళ్లీ మొదలెట్టావూ!"

"కోప్పడకండి. నా చెవిలో పడ్డది ఆ పిల్ల సొత్తు, పంచిపెట్టడానికి నాది కాదు. మీ కంట పడ్డది మీదేగా? అది చెప్పండి. మీకేం కనపడింది?"

ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"గాదె పక్కనుంచి దగ్గరదారి ఉందా, ఆ దారిన రాదు. చుట్టూ తిరిగి ముళ్లకంచె వెంట వస్తుంది. అందుకే ఆలస్యం. నేను పొగరనుకున్నాను. ఇంకోటి. పొద్దున్న కాసేపు బాగానే కూర్చుంటుంది. నెమ్మదమ్మ కబురు పట్టుకుని ఇటొచ్చిందంటే చాలు, పోయి గంప కింద దూరుతుంది. పాఠం ఎగ్గొట్టడానికనుకున్నాను."

చెవులత్త రెండు చెవులూ నిటారుగా లేచాయి.

"ఏమైంది?"

"ఒక్క క్షణం ఆగండి మాస్టారూ. చుక్కిని అడిగొస్తాను."

చుక్కి అప్పుడూ గంప కిందే ఉంది. చెవులత్త వంగి గంప సందులోకి చెవి పెట్టింది. చుక్కి ఆ చెవిలో తల దూర్చి గుసగుసలాడింది. అత్త తిరిగొచ్చింది.

"మీకు చెప్పమంది. కానీ మాస్టారు అరవకూడదంది."

మాస్టారి తురాయి పక్కకి వాలిపోయింది. "అంతలా భయపెట్టానా నేను దాన్ని?" ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది. "అరవను. నా తురాయిమీద ఒట్టు."

"దాని తమ్ముణ్ణి పట్టుకుపోయింది గద్ద కాదట మాస్టారూ. నడిచొచ్చిందట. అడుగు చప్పుడు కూడా లేదట. నోరు విప్పితే రేపు మీ అమ్మేనని బెదిరించిందట. ఎవరో మాత్రం పాపం నాక్కూడా చెప్పలేదు. దొడ్డిలో నడిచేవాళ్లే అందరూ, నేనెవర్ననుకోను?"

"నడిచొచ్చింది, చప్పుడు లేదు" అన్నారు మాస్టారు మెల్లిగా.

"నెమ్మదమ్మ వస్తే గంప కిందికి..." అంది చెవులత్త ఇంకా మెల్లిగా.

ఈయన చూసింది ఆవిడకి తెలీదు, ఆవిడ విన్నది ఈయనకి తెలీదు. ఇద్దరి మధ్యా తిరిగినదానికి మాత్రం అన్నీ తెలుసు! నాకైతే ఒళ్లు మండిపోతోంది, మీ సంగతేమో గానీ.

గంప కిందనుంచి సన్నటి గొంతొకటి వినపడింది. "అదే, మాస్టారూ." చుక్కి ఆయనతో మాట్లాడి ఎన్నాళ్లయిందో!

ఇద్దరూ కలిసి దొడ్డి పెద్ద దగ్గరికి పోయారు. దొడ్డి పెద్ద అంటే ముసలిగేదె. తీరిగ్గా నెమరేస్తూ విన్నది.

"నెమ్మదమ్మ మీద నిందా? ఎలుకల కాపలా ఇన్నేళ్లు చేసినదాని మీదా? సాక్ష్యమేది, పసిపిల్ల మాటా? చాల్లే పొండి."

"పెద్దమ్మా, రేపు మధ్యాహ్నం నేను కూస్తాను. కూత వినగానే అందరితోనూ వామి వెనక్కి రండి" అన్నారు మాస్టారు.

"మధ్యాహ్నం కూస్తావా! మతిగాని పోయిందా ఏం మాస్టారూ?"

"పోతే పోయింది. వస్తారుగా?"

"వస్తాలే. మతిపోయిన పుంజుని చూడ్డానికైనా వస్తాను."

వల ఎలా వెయ్యాలో చెవులత్త చెప్పింది. "దాన్ని దాని కబురుతోనే పట్టాలి మాస్టారూ. మనం ఇంకా కొట్టుకుంటున్నామనే అనుకోనివ్వండి."

మాస్టారు గాదె వైపు చూసి గట్టిగా పిలిచారు. "నెమ్మదమ్మా! ఆ గాడిద నానా మాటలూ అని పోయింది. ఇంక దాని మొహం చూడను. చుక్కి పేరు కొట్టేశాను. రేపటినుంచీ మధ్యాహ్నాలు వామి వెనకాల, కుడితి తొట్టి పక్కన ఒంటరిగా కూర్చుంటుంది. ఆవిడకి చెప్పేసి రా."

"అయ్యో, పసిదండీ!" అంది పిల్లి మూతి నాక్కుంటూ.

నూతి దగ్గర చెవులత్త ఆవులించింది. "కూర్చోనీవే. నాకేం పట్టింది?" నెమ్మదమ్మ తిరిగి వస్తూ వస్తూ గెంతులు వెయ్యకుండా ఆపుకోడానికి నానా తంటాలూ పడింది.

మర్నాడు మధ్యాహ్నం. ఇంట్లోవాళ్లు పీచుమామిడి పండు చీకి పారేసిన టెంక ఒకటి మాస్టారికి దొరికింది. ఎండకి పీచు ఆరి, పచ్చగా బొద్దుగా, దూరంనుంచి చూస్తే అచ్చం ముడుచుక్కూర్చున్న కోడిపిల్లే! దాని నెత్తిన బురదతో నల్లచుక్క పెట్టారు. చుక్కి వాళ్లమ్మ తన ఈక ఒకటి పీకి ఆ పీచులో గుచ్చింది. చుక్కిని మాత్రం మాస్టారు రెక్కకింద పొదువుకుని వామి పైకెక్కి కూర్చున్నారు. పసిదాన్ని ఎర వేసేంత బుద్ధిలేనివాళ్లు కారు మనవాళ్లు.

చెవులత్త తొట్టి పక్కనే పడుకుంది. పిల్లలంతా ఆవిడమీద గడ్డి కప్పారు. ఒళ్లంతా దాగింది, చెవులు దాచడం మాత్రం ఎవరి తరమూ కాలేదు.

నెమ్మదమ్మ వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. గడ్డిలోంచి నిలువుగా లేచిన రెండు చెవులూ చూసి, 'ఈ మొక్కలెప్పుడు మొలిచాయో' అనుకుంది. పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ టెంక దగ్గరికి చేరింది.

"ఎంత బుద్ధిమంతురాలివే చుక్కీ" అంది ముద్దుముద్దుగా. "చెప్పినట్టే నోరు విప్పలేదు. ఇంక విప్పే పనిలేదులే. మీ తమ్ముడి దగ్గరికే పంపిస్తాను."

ఒక్క దూకు దూకి టెంకని కసుక్కున కరిచింది. పళ్లు పీచులోకి దిగిపోయాయి. దిగినవి రావే! లాగింది, గింజుకుంది, గోళ్లతో పీకింది. పీచు పళ్ల సందుల్లో ఇంకా బిగుసుకుంది.

"కొక్కొరోకో!" వామి పైనుంచి నడిమధ్యాహ్నపు కూత దొడ్డంతా మోగింది.

ఆ వెంటనే గడ్డికుప్ప లేచి నిలబడింది. చెవులత్త మెడ చాచి, పిల్లలకోసం ఇన్నేళ్లూ దిగమింగుకున్న ఓండ్రంతా ఒక్కసారి బయటికి వదిలింది. అబ్బో, ఏమి ఓండ్రండీ అది! గాదె తలుపులు దడదడలాడాయి. నెమ్మదమ్మ నిలువెత్తున ఎగిరి, తిన్నగా పోయి కుడితి తొట్టిలో దబ్బున పడింది. ఎలుకలు పడాల్సిన కుడితిలో ఎలుకల కాపలాది పడిందని గాదెలో ఎలుకలు ఇప్పటికీ నవ్వుకుంటాయట.

గేదె, మేకలు, కోళ్లు, కుక్క, అందరూ పరుగెత్తుకొచ్చారు. ఒళ్లంతా తవుడూ మెతుకులూ అంటుకుని, నోట్లో టెంకతో, పిల్లి తొట్టిలోంచి కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చింది.

"నెమ్మదమ్మా, నోట్లో ఏమిటది?" అంది ముసలిగేదె.

"ఊఁ, ఊఁ!"

"ఎలుకా?"

అవునని గబగబా తలూపింది.

"ఎలుకకి ఈకలుంటాయటే?"

అప్పుడు మాస్టారి రెక్కకిందనుంచి చుక్కి దూకింది. వామి మీదనుంచి జర్రున జారి, పిల్లి ఎదురుగా నిలబడింది.

"గద్ద కాదు! ఇదే! మా తమ్ముణ్ణి గాదె వెనక్కి ఈడ్చుకుపోయింది, నేను చూశాను! నోరు విప్పితే అమ్మని కూడా తింటానంది. విప్పాను! ఇదిగో, అందరిముందూ విప్పాను! ఇప్పుడు నువ్వు విప్పవే, విప్పి చెప్పు కాదని!"

పిల్లి నోరు విప్పలేదు. ఎలా విప్పుతుంది? ఇంత పసిదాని నోరు నొక్కేసిన ఆ మహాతల్లి నోరు ఒక మామిడి టెంక నొక్కేసింది.

ఆ తర్వాత బిడ్డల్ని పోగొట్టుకున్న కోడితల్లులు ముక్కులు చాచి దానిమీద పడ్డారు. కుక్క వెంటపడింది, మేకలు కొమ్ములు దించాయి. నెమ్మదమ్మ ఆ టెంకతోనే కంచె దూకి, కొండ ఎక్కి, అవతలికి దిగి పోయింది. మళ్లీ ఆ దొడ్డి ఛాయలకి వస్తే ఒట్టు. గాదె కాపలా గుడ్లగూబకి అప్పజెప్పారు.

ముసలిగేదె చుక్కి ముందు తల దించింది. "పసిదాని మాట సాక్ష్యమా అన్నాను. తప్పు నాదే తల్లీ." చుక్కి వాళ్లమ్మ దాన్ని రెక్కకిందికి లాక్కుని, ఏడుస్తూ నవ్వుతూ, ఎంతకీ వదల్లేదు. మేకపిల్లలు ఒకటే చిందులు. మాస్టారిని చెవులత్త వీపుమీద ఎక్కించి దొడ్డి చుట్టూ ఊరేగించారు. ఆయన ఒకపక్క కూస్తుంటే ఆవిడ ఒకపక్క ఓండ్ర. ఆ జోడు కచేరీ విని దడుచుకున్న పిల్ల ఒక్కటి లేదు.

కబుర్లు మోసే ఆనవాయితీ ఆ రోజుతో సరి. రోజూ సాయంత్రం బడి వదిలాక మాస్టారు చెవులత్త వీపెక్కి కూర్చుంటారు. ఇద్దరూ తీరిగ్గా దొడ్డి చుట్టి వస్తారు.

"అత్తా, ఆ కుంటి మేకపిల్ల నీ దగ్గరికొచ్చిందిగా. ఏం చెప్పిందని అడగను. రేపు నేనేం చెయ్యాలో చెప్పు."

"ముందు వరసలో కూర్చోబెట్టండి. పరుగుపందెం పాఠంలో మొదట దాన్ని లేపకండి. అంతే."

"సరే. నువ్వో పని చెయ్యి. నల్లదూడ రెండు రోజులుగా మేత ముట్టడం లేదు, తల గోడకేసి పెట్టుకుంటోంది. కాస్త పిలిచి చూడు."

"రేప్పొద్దున్నే పిలుస్తాను."

ఇంతే మాటలు. మధ్యలో ఎవరూ లేరు.

అన్నట్టు, పిల్లి పోయిన మర్నాటి సంగతి చెప్పలేదు కదూ. తెల్లారింది. చుక్కి గాదె పక్కనుంచి దగ్గరదారిలో వచ్చి, అందరికన్నా ముందు కూర్చుంది. మాస్టారు కూత కూసి, హాజరు మొదలెట్టారు.

"చుక్కీ!"

"హాజరండీ మాస్టారూ!"

ఆ కేకకి వామి మీది పిచ్చుకలన్నీ జుయ్యిమని లేచిపోయాయి. మాస్టారు ఉలిక్కిపడి, అలవాటు చొప్పున, "మెల్లిగా పలకవే గాడి..." అని, నాలిక్కరుచుకుని నూతివైపు చూశారు.

"అనండి మాస్టారూ, అనండి!" అని అటునుంచి చెవులత్త నవ్వింది. "ఇప్పుడది నాకు తిట్టులా వినపడదు!"

బడి బడంతా పడీపడీ నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది చుక్కే.

నీతి: బిడ్డని చూసే కన్నూ, బిడ్డ గోడు వినే చెవీ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకున్నంతకాలం ఏ పిల్లీ ఆ బడి పిల్లల జోలికి రాలేదు.